తొమ్మిది వందల అరవై పలకలు

ఆఫీసులో ఆయన్ని అందరూ మిల్లీమీటర్ అంటారు. ఎదురుగా ఉంటే చివర గారు తగిలిస్తారు, అంతే తేడా. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇళ్ళకీ, బళ్ళకీ, దుకాణాలకీ ప్లాన్లు గీస్తున్న మనిషి. సొంతానికి కట్టుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. ఉండేది మూడో అంతస్తులో అద్దె వాటా, అందులో వంటింటి తలుపు పూర్తిగా తెరుచుకోదు. పన్నెండు మిల్లీమీటర్లు అడ్డం వస్తోందని, దిగిన వారంలోనే కొలిచి భార్యకు చెప్పాడు. "కొలిస్తే తెరుచుకుంటుందా?" అందావిడ. పదిహేనేళ్ళయింది, తలుపు అలాగే ఉంది.

ఆయన ఈ పనిలోకి వచ్చినప్పుడు ఆఫీసులో కంప్యూటర్లు లేవు. పెద్ద బల్ల, దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం, సిరా పెన్ను, గీత తప్పితే గీకడానికి బ్లేడు ముక్క. ఇటుక గోడ గీయమంటే ఈయన ప్రతి ఇటుకా గీసేవాడు. అప్పటి పెద్దాయన నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. "మూలల్లో నాలుగేసి గీసి మధ్యలో వదిలెయ్యవయ్యా, చూసేవాళ్ళకి అర్థమవుతుంది" అనేవాడు. "మధ్యలో వదిలితే అక్కడ గోడ లేదనుకోరూ?" అని ఈయన. సాయంత్రానికి మెడ పట్టేసేది. అయినా మర్నాడు మళ్ళీ మిగిలిన ఇటుకల దగ్గర కూర్చునేవాడు. అదొక రకం మొండితనం. అలాంటివాళ్ళతో కాపురం చేయడం కష్టం కానీ, వాళ్ళు గీసిన గోడ పక్కన నిర్భయంగా నిలబడొచ్చు.

ఇప్పుడాయనకు యాభై నాలుగు. కుడి మణికట్టుకు సాగే గుడ్డ కట్టు, జేబులో కళ్ళలో వేసుకునే చుక్కల సీసా. పొద్దున పదకొండుకి ఒకసారి, మధ్యాహ్నం నాలుగుకి ఒకసారి తల వెనక్కి వాల్చి వేసుకుంటాడు. బల్లలు పోయాయి, బ్లేడు పోయింది. తెర మీద గోడలు నిలువుగా లేచి నిలబడతాయి, చుట్టూ తిరిగి చూడొచ్చు. ఈయన అన్నీ నేర్చుకున్నాడు. ఎవరూ మెచ్చుకోలేదు, ఆయన అడగనూ లేదు.

ఆయన భార్య తమ్ముడు మేస్త్రి. భవనాలకు బయటవైపు పలకలు బిగించే పని, చేతికింద ఆరుగురు. ఆదివారం ఆదివారం అక్కను చూడ్డానికని వచ్చి, బావను ఏడిపించి పోతుంటాడు.

"బావా, ఈ వారం ఎన్ని గోడలు కట్టావు?"

"మూడు."

"చేతికి సిమెంటేమైనా అంటిందా?"

"నీకు గోడ వంకర పోతే ఇంత సిమెంటు మెత్తి కప్పేస్తావు. నాకా వెసులుబాటు లేదురా" అనేవాడు ఈయన, కొంచెం గర్వంగానే. అక్క మధ్యలో నవ్వేది. ఏళ్ళ తరబడి ఇవే మాటలు. మాటలు పాతబడ్డాయి కానీ ఎవరూ మానలేదు.

సరే, ఆ గోడ సంగతి.

ఒక కాలేజీకి కొత్త భవనం, మూడంతస్తులు. ముందువైపు గోడంతా కాల్చిన మట్టి పలకలు బిగించాలి. ఒక్కో పలక అడ్డం ఆరు వందల మిల్లీమీటర్లు, ఎత్తు నాలుగు వందల యాభై. కింది నుంచి పైకి ఇరవై నాలుగు వరసలు, కిటికీలు పోను తొమ్మిది వందల అరవై పలకలు. పక్కనే అచ్చం ఇలాంటిదే రెండో భవనం కూడా వస్తుందని ముందే మాట. ఆఫీసు నడిపే మేడమ్ ఆ గోడ మోడల్ పని ఈయనకిచ్చింది. బిగించే పని ఎవరికి అన్నప్పుడు ఈయన మొహమాటపడుతూనే బావమరిది పేరు చెప్పాడు. మీరు చెబితే అంతేనండీ అని మేడమ్ ఒప్పుకుంది.

ఇలాంటి గోడను తెర మీద కట్టడానికి ఒక పద్ధతుంది. ముందు ఒకే ఒక్క పలకను శ్రద్ధగా చేస్తారు. దాని అంచులు, మందం, వెనక వైపు గోడకు తగిలించే కొక్కేలు, అన్నీ. తర్వాత దాన్నే పక్కకి, పైకి, మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ పోతారు. కంప్యూటర్ భాషలో దానికేదో పేరుంది, ఈయన మాత్రం అచ్చు అంటాడు. అన్నీ ఒకే అచ్చులోవి కాబట్టి ఏ ఒక్కదాన్ని మార్చినా మిగతావన్నీ తమంతట తామే మారతాయి. గోడంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదులుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఏదో ఒక్క పలక మటుకే వేరుగా ఉండాలంటే, ముందు దాన్ని అచ్చు నుంచి విడదీయాలి. ఆ పని ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. నొక్కకుండా చెయ్యి పెడితే మాత్రం గోడంతా పోతుంది. ఆఫీసుకు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఈయనే చెప్పేవాడు: "ముందు విడదియ్యి, తర్వాత ముట్టుకో." ఎన్నిసార్లు చెప్పాడంటే, టీ తాగడానికి లేచినప్పుడు కూడా వాళ్ళు ఆయన గొంతుతో అదే మాట అనుకుని నవ్వుకునేవాళ్ళు.

మార్చడం సులువని తెలిసిన మనుషులు ఊరికే ఉండరు. కాలేజీ వాళ్ళు పలకల మధ్య సందు పది మిల్లీమీటర్లుండాలన్నారు. కాదు ఆరు అన్నారు. చివరికి ఎనిమిది అన్నారు. వరసలు అటూ ఇటూ జరిగి ఉంటే అందమన్నారు, వారం పోయాక కళ్ళు తిరుగుతున్నాయి సూటిగా పెట్టమన్నారు. ఆ గోడను ఈయన పదిసార్లు విప్పి పదిసార్లు కట్టాడు. పూర్వం రోజుల్లో అయితే చేత్తో గీసిన గోడను మార్చమనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు. ఇప్పుడు ఫోన్లో చెప్పి, అవతల గ్యాస్ బుడ్డి వచ్చిందని పెట్టేస్తున్నారు. పదోసారి అయ్యేసరికి ఆయనకు ఆ పలక కలలోకి కూడా రావడం మానేసింది.

పదకొండో మార్పు చాలా చిన్నది. పలకల వెనక పైన ఒక జత కొక్కేలు, కింద ఒక జత ఉంటాయి. మేస్త్రి గోడకు అల్యూమినియం పట్టీలు అడ్డంగా బిగిస్తే, కొక్కేలు వాటి మీద కూర్చుంటాయి. పై కొక్కేనికీ కింది కొక్కేనికీ మధ్య దూరం మూడు వందలు. ఆ లెక్కనే డ్రాయింగు సైటుకు వెళ్ళిపోయింది, మేస్త్రి పట్టీలు బిగించడం మొదలుపెట్టాడు. అయితే అన్నిటికన్నా పై వరసలో కప్పు దూలం అంచు అడ్డొస్తోందని తేలింది. ఆ వరసలో యాభై రెండు పలకలకు మాత్రం కింది కొక్కేన్ని నలభై మిల్లీమీటర్లు పైకి జరపాలి. అంటే మూడు వందలు కాస్తా రెండు వందల అరవై అవుతుంది.

మధ్యాహ్నం నాలుగు. ఆయన కళ్ళలో చుక్కలు వేసుకుని, రెప్పలు ఆర్పుకుంటూ, పై వరసలో ఒక పలకను తెరిచాడు. కొక్కేన్ని నలభై పైకి జరిపాడు. మూసేశాడు. విడదీశాననే అనుకున్నాడు. పదిసార్లు చేసిన చేతికి పదకొండోసారి ఏం చేసిందో గుర్తుండదు. కొక్కేలు వెనక వైపు ఉంటాయి కాబట్టి ముందు నుంచి చూస్తే గోడలో ఏ తేడా లేదు. "పై వరసకు మాత్రం 260" అని చిన్న కాగితం ఒకటి వేసి సైటుకు పంపాడు. ఫ్యాక్టరీకి వెళ్ళాల్సిన జాబితాను కంప్యూటరే తయారు చేసింది: పలకలు ఒకే రకం, తొమ్మిది వందల అరవై.

రెండు రకాలని రావాలి. తొమ్మిది వందల ఎనిమిది ఒకటి, యాభై రెండు ఒకటి. ఆయన ఆ జాబితా చూశాడు. చూసి, ఎంత శుభ్రంగా వచ్చిందో అని సంతోషపడ్డాడు కూడా. తర్వాత ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా కోసింది ఆ సంతోషమే.

రెండు నెలలకు పలకలు సైటుకు చేరాయి. ఆ రోజు మధ్యాహ్నం ఈయన క్యారేజీ విప్పుకుంటుంటే బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, పై వరసకి కొక్కేల మధ్య ఎంత?"

"రెండు వందల అరవై."

"మరి కింద వరసలకి?"

"మూడు వందలు. కాయితంలో ఉంది కదరా, చదువుకో."

అవతల డ్రిల్లు మోత వినిపించింది. "సరేలే బావా. నా టేపే ఏదో తేడాగా ఉన్నట్టుంది" అని పెట్టేశాడు. ఈయన అన్నం తిని, మూత పెట్టి, మళ్ళీ మరో భవనం కిటికీల్లో పడ్డాడు. ఆ ఆదివారం బావమరిది రాలేదు. సైటులో పని ఒత్తిడన్నాడు. తర్వాతి ఆదివారమూ రాలేదు.

ఆ సోమవారం మేడమ్ సైటు చూసి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా ఈయన బల్ల దగ్గర ఆగింది.

"మిల్లీమీటర్ గారూ, మీవాడు పెద్ద పని చేశాడండీ. కింది పట్టీలన్నీ నలభై మిల్లీమీటర్లు తేడాగా బిగించాడు. ఇరవై మూడు వరసలు. పలక ఒక్కటీ కూర్చోవడం లేదు. అన్నీ ఊడదీసి మళ్ళీ బిగిస్తున్నారు."

"వాడా?"

"తప్పు నాదే, టేపు తేడా వచ్చింది అని ఆయనే ఒప్పుకున్నాడు. కాగితం చూపించమంటే ఎండకు పాడైపోయిందన్నాడు. మనిషి మంచివాడేనండీ, కాదనను. కానీ రెండో భవనం వేరేవాళ్ళకి చెప్పేస్తున్నాను. కాలేజీ వాళ్ళ ముందు నాకు తలకొట్టేసినట్టయింది. శుక్రవారం వాళ్ళతో మీటింగు, అప్పటికి కొత్త మేస్త్రి పేరు ఇవ్వాలి. మీ మాట మీద తీసుకున్నవాడని ముందు మీకే చెబుతున్నాను."

మేడమ్ లోపలికి వెళ్ళిపోయింది. నలభై అన్న మాట దగ్గరే ఈయన చెవులు ఆగిపోయాయి. టేపు తేడా వస్తే రెండొస్తుంది, మూడొస్తుంది. సరిగ్గా నలభై ఎందుకొస్తుంది? పాత ఫైలు తెరిచాడు. మధ్య వరసలో ఒక పలకను పట్టుకుని వెనక్కి తిప్పి కొలిచాడు. రెండు వందల అరవై. దాని కిందది, రెండు వందల అరవై. అన్నిటికన్నా కింద, గేటు పక్కన, నేలకు ఆనుకున్న మూల పలక, రెండు వందల అరవై. అచ్చు విడదీయలేదు. చేత్తో గీసే రోజుల్లో పొరపాటు చేస్తే ఒక ఇటుక పోయేది, బ్లేడుతో గీకేసేవాడు. ఇప్పుడు ఒక్క పొరపాటు తొమ్మిది వందల ఎనిమిది పలకలై, కాలి, లారీ ఎక్కి, సైటులో దిగింది.

వెంటనే లేచి మేడమ్ గదిలోకి వెళ్ళాలి. ఎవరైనా అదే చెబుతారు, నేనూ అదే చెబుతాను. ఆయన లేవలేదు. తెర మీద ఆ పలకను అటు తిప్పీ ఇటు తిప్పీ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆ ఆఫీసులో యాభై దాటినవాడు ఆయనొక్కడే. ఆయన మీద నమ్మకమంతా ఒకే ఒక్క విషయం మీద నిలబడి ఉంది: ఈయన కొలత తప్పదు. అది కూడా పోతే మిగిలేది మణికట్టు కట్టూ, చుక్కల సీసా. భయం వేసింది. సిగ్గుపడవలసినంత భయం వేసింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కూడా అప్పుడే వచ్చి, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడి ఉంది. ఆవిడది ఆసుపత్రిలో ఎక్స్-రే గది బయట పేర్లు రాసుకునే పని. పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది.

"మరదలు ఫోన్ చేసింది" అంది. "వాడు టేపు తప్పు చూశాడట. సైటంతా చెప్పుకుంటున్నారట. మీరు నమ్ముతున్నారా?"

ఈయన చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"పదేళ్ళప్పుడు గోడకి క్యాలెండర్ తగిలించడానికి రసమట్టం కావాలని ఏడ్చిన వెధవ వాడు. వాడు నలభై తేడాగా కొడతాడా? అదీ ఇరవై మూడు వరసలు?"

"అలిసిపోయి ఉంటాడు."

"అలిస్తే ఒక వరస పోతుంది." ఆవిడ ఈయన మొహంలోకి చూసింది. "రోజుకు నూరుమంది వస్తారండీ మా దగ్గరికి. నొప్పెక్కడా అంటే, అసలు చోటు వదిలేసి వేరే చోట చూపిస్తారు. మీకెక్కడ నొప్పి?"

"మణికట్టు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది, తలుపు ఎప్పట్లాగే పన్నెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకున్నది మంచినీళ్ళ గురించి మాత్రమే. మంగళవారమూ ఆయన ఆఫీసులో నోరు తెరవలేదు. మేడమ్ గది ముందు నుంచి రెండుసార్లు నడిచి, రెండుసార్లూ నీళ్ళ కూజా దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

బుధవారం పొద్దున ఆఫీసు బస్సు ఎక్కకుండా సైటు బస్సు ఎక్కాడు.

గోడ నిండా పరంజా. ఇనుప గొట్టాల మీద చెక్కలు పరిచారు, ఎక్కడానికి సన్నటి నిచ్చెన. మోకాళ్ళు పట్టుకుంటూ రెండో అంతస్తు దాకా ఎక్కేసరికి ఆయన ఒళ్ళు హూనమైంది. అక్కడ చెక్కల మీద గోడకు దగ్గరగా నిలబడి చూశాడు. ప్రతి కింది పట్టీకీ, సరిగ్గా నలభై మిల్లీమీటర్ల దిగువన, పుట్టీతో పూడ్చిన రంధ్రాల వరస ఒకటి కనిపించింది. వరసకు యాభైకి పైగా ఉంటాయి. ఒక్కో రంధ్రం పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దాని పైన కొత్తది వేశారు. పలకలు వచ్చాక ఎవరికీ కనపడని గోడ అది. అయినా పుట్టీ అంత నున్నగా తీశారు. ఆయన చూపుడు వేలితో ఒకదాన్ని తడిమి చూశాడు.

మేస్త్రి చివర కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు. బావను చూసి లేవబోయాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు ఈయన.

"ఏది బావా?"

"నాటకాలాడకు."

మేస్త్రి డ్రిల్లు పక్కన పెట్టి, చేతులకంటిన దుమ్ము ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మొదటి పెట్టె విప్పినప్పుడే. ఒకటి కొలిచాను. పది కొలిచాను. ఇంకో పెట్టె విప్పించాను. అన్నీ రెండు వందల అరవయ్యే. అప్పుడే కదా నీకు ఫోన్ చేశాను."

"చెప్పొచ్చు కదరా."

"చదువుకో అన్నావు. చదువుకున్నాను."

"ఆ కాయితం ఏది?"

మేస్త్రి పనిముట్ల సంచి అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన డ్రాయింగు. ఎండా తగల్లేదు, వానా తగల్లేదు. మూడు వందలు అన్న అంకె, పక్కన ఈయన పొడి సంతకం, గీసిన రోజున ఎంత స్పష్టంగా ఉన్నాయో అంత స్పష్టంగానూ ఉన్నాయి.

"ఇది చూపిస్తే నీ తప్పేం లేదని తేలిపోయేది."

"నీ పని ఐపోయేది" అన్నాడు మేస్త్రి. "నాకు తిట్లు కొత్తా బావా? పొద్దున లేస్తే ఇంజనీరు తిడతాడు, లారీవాడు తిడతాడు, సాయంత్రం ఇంటికెళ్తే మీ చెల్లెలు తిడుతుంది. నువ్వు ఇన్నేళ్ళలో ఒక్కటి తినలేదు. నీకరగవు."

ఈయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "రెండో భవనం నీకివ్వట్లేదట రా. శుక్రవారం వేరేవాళ్ళ పేరు చెబుతారట."

కింద అతని మనుషులు ఇద్దరు పట్టీ ఒకటి భుజాన వేసుకుని వస్తున్నారు. మేస్త్రి వాళ్ళకేసే చూశాడు.

"ఆ ముక్క నాతో అనలేదే" అన్నాడు చివరికి. "తిట్లతో పోతుందనుకున్నాను. వీళ్ళకి వచ్చే ఏడాదంతా అదే పని అని చెప్పుంచాను." మళ్ళీ డ్రిల్లు అందుకున్నాడు. "పోనీలే. ఇంకెక్కడైనా చూసుకుంటాం. ఇంకా ఆరు వరసలున్నాయి, నువ్వు దిగు బావా, మోకాళ్ళు జాగ్రత్త."

ఎదురుగా నిలబడి తిట్టినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు.

ఆఫీసుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పాత డ్రాయింగు తెరిచాడు. ప్రతి డ్రాయింగుకీ కుడి వైపు కింద మూలన చిన్న పట్టిక ఒకటుంటుంది. మార్పు ఏమిటి, కారణమేమిటి, చేసిందెవరు అని మూడు గళ్ళు. డ్రాయింగు ఎక్కడికి వెళ్తే ఆ పట్టికా అక్కడికి వెళ్తుంది, భవనం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కారణం గడిలో రాయడానికి ఆ ఆఫీసులో రెండే మాటలు. ఒకటి, యజమాని కోరిక మేరకు. రెండు, సైటు పరిస్థితిని బట్టి. గీసినవాళ్ళు తప్పు చేసినప్పుడు కూడా సైటు పరిస్థితిని బట్టి అనే రాస్తారు. అది అందరికీ తెలిసిన మర్యాద. ఎదుటివాళ్ళు రాసుకుంటుంటే ఈయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. తనకా అవసరం రాలేదని లోపల్లోపల మురిసిపోయేవాడు.

కొక్కేల దూరం మూడు వందల నుంచి రెండు వందల అరవైకి సరిదిద్దాడు, ఇరవై మూడు వరసలకూ. మార్పు గడి నింపాడు. కారణం గడి దగ్గర చేతి వేళ్ళు ఆగాయి. సైటు పరిస్థితిని బట్టి అని రాస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది, పరిస్థితి నిజంగానే సైటులో ఉంది కూడా. కళ్ళలో చుక్కలు వేసుకున్నాడు. టైమింకా రెండున్నరే. తర్వాత టైపు చేశాడు:

"పై వరస అచ్చును విడదీయకుండా మార్చినందువల్ల పలకలన్నీ మారాయి. పొరపాటు గీసినవానిది. సైటులో పట్టీలు మొదటి డ్రాయింగు ప్రకారం సరిగానే బిగించారు."

చేసిందెవరు అన్న గడిలో తన పొడి అక్షరాలు కాక పూర్తి పేరు రాశాడు. ఆఫీసులో చాలామందికి ఆ పేరు తెలియదు. ప్రింటు తీసి, తీసుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టాడు.

మేడమ్ పట్టిక చదివింది. మళ్ళీ చదివింది. "ఇది ఫ్యాక్టరీకి వెళ్తుంది, కాలేజీ వాళ్ళకి వెళ్తుంది. తెలుసు కదండీ?"

"తెలుసు మేడమ్."

"కారణం ఇలా ఎవరూ రాయరు."

"అవును మేడమ్."

"మీరు మిల్లీమీటర్ కదండీ" అంది మేడమ్, కోపంగా కాదు, అలసటగా.

"నలభై మిల్లీమీటర్లు మేడమ్. సోమవారమే తెలిసింది నాకు. రెండు రోజులు చెప్పలేకపోయాను."

ఆ చివరి మాట ఆయన చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగలేదు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. రెండో భవనానికి ఆ మేస్త్రినే ఉంచుతానంది. ఆయనకు స్వయంగా ఫోన్ చేసి క్షమాపణ చెబుతానంది. రెండో భవనం గోడ మాత్రం ఇంకెవరైనా చేస్తారు, మీరు ఇకమీదట జాబితాలు సరిచూసే పని చూడండి, అంది. ఆయన తలూపాడు. ఇతరులు కట్టిన గోడల్లో ఎన్ని పలకలున్నాయో లెక్క చూసే పని. మోడల్ పనిలో అదే ఆయన చివరి గోడ అయింది.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాక పక్క బల్లవాళ్ళందరూ తమ తెరల్లోకి వంగిపోయారు. ప్రింటరు దగ్గర ఇంకో కాపీ ఎవరో చదివేసినట్టున్నారు. సాయంత్రం ఇంట్లో భార్యకు మొత్తం చెప్పాడు. ఆవిడ విని, "ఇప్పుడు సరైన చోటు చూపించారు" అంది. ఆయన కుడి చెయ్యి తీసుకుని కట్టు విప్పి, మళ్ళీ కొంచెం వదులుగా కట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుక్కల వల్లనే అన్నాడు.

మర్నాడు సాయంత్రం బస్సులో నిలబడి ఉండగా బావమరిది ఫోన్ చేశాడు.

"కాయితం వచ్చింది బావా."

"చదువుకున్నావా?"

"చదువుకున్నాను. మనవాళ్ళకి కూడా చదివి వినిపించాను." డ్రిల్లు మోతకు దూరంగా జరిగినట్టున్నాడు. "ఎందుకు రాశావు బావా? ఇంకా నాలుగు వరసలే మిగిలాయి. అయిపోయేది కదా."

ఈయన ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. బస్సు ఆగి, ఎక్కేవాళ్ళు ఎక్కి, మళ్ళీ కదిలింది.

"ఆ నాలుగూ ఉంచు" అన్నాడు. "ఆదివారం నేనొస్తాను. పట్టీ పట్టుకుంటాను, నువ్వు బిగించు."

"నువ్వా? ఆ మోకాళ్ళతోనా? పట్టీ వంకరగా పట్టుకుని నా పని చెడగొడతావు."

"పట్టుకోనీరా."

మేస్త్రి ఆలోచిస్తున్నట్టు ఊపిరి వదిలాడు. వెనక ఎవరో డ్రిల్లు ఆపారు.

"సరే, రా" అన్నాడు. "వచ్చేప్పుడు టేపు తెచ్చుకో. నాది తేడాగా ఉందని ఊరంతా చెప్పుంచాను."